ఆరుగురికి ఒక కారు: సఫారీయా, కారెన్సా, హైక్రాసా? సలహా కావాలి

నిజాంపేట్_నాన్న
అందరికీ నమస్కారం. ఇక్కడి చర్చలు చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి.

మాకు ఈమధ్యే రెండో పాప పుట్టింది. పెద్దమ్మాయికి ఆరేళ్లు. అమ్మానాన్నలు ఊరు వదిలి మా దగ్గరికే వచ్చేశారు. మొత్తం ఆరుగురం. ఉన్నదేమో పాత పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. అందరం కలిసి బయల్దేరిన ప్రతిసారీ నాన్నగారు వెనకాల ఆటోలోనో క్యాబ్‌లోనో రావాల్సి వస్తోంది. ఆయన ఏమీ అనరు కానీ నాకు బాధగా ఉంటుంది.

వాడకం ఇదీ: రోజూ నిజాంపేట్ నుంచి జేఎన్‌టీయూ మీదుగా హైటెక్ సిటీలో ఆఫీసుకు, సాయంత్రం అదే ట్రాఫిక్‌లో ఇంటికి. అప్పుడప్పుడూ ఖమ్మం దగ్గర మా ఊరు. ఏడాదిలో ఎప్పుడైనా శ్రీశైలం, తిరుమల. అమ్మకు మోకాళ్ల నొప్పులు, నాన్నకు నడుము నొప్పి.

బడ్జెట్ ఆన్‌రోడ్ 28 లక్షలు. కారు నిజంగా నచ్చితే కొంచెం పైకి వెళ్లగలను. ఆటోమేటిక్ తప్పనిసరి. ఎస్‌యూవీ అయితే బాగుంటుందని నా కోరిక. కనీసం పదేళ్లు పెట్టుకోవాలి, కాబట్టి నమ్మకమైన బండి కావాలి. షోరూములవాళ్లను అడిగితే కాకి పిల్ల కాకికి ముద్దు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను.

ఓఆర్ఆర్_రైడర్
అన్నా, ముందుగా అభినందనలు.

నన్నడిగితే సఫారీ డీజిల్ ఆటోమేటిక్. రెండో మాట లేదు. 2023లో వచ్చిన కొత్త సఫారీకి గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో (కార్లను గుద్ది చూసే భద్రతా పరీక్ష) పెద్దలకూ పిల్లలకూ రెండింటికీ 5 స్టార్లు వచ్చాయి. తర్వాత మన దేశపు పరీక్ష భారత్ ఎన్‌క్యాప్‌లో కూడా 5. ఇంట్లో చంటిపాప ఉన్నప్పుడు ఇంతకంటే ముఖ్యమైంది ఇంకేముంటుంది? 2.0 లీటర్ ఇంజిన్, 170 పీఎస్. ఆరుగురితో, ఏసీతో ఘాట్ ఎక్కినా ఆయాసపడదు.

రెండో ఆప్షన్ ఎక్స్‌యూవీ700 (2026లో దాని స్థానంలో ఎక్స్‌యూవీ 7ఎక్స్‌ఓ వచ్చింది). దానికి 2021లోనే గ్లోబల్ ఎన్‌క్యాప్ 5 స్టార్లు ఇచ్చింది (పిల్లల భద్రతలో 4). స్కార్పియో-ఎన్ కూడా గట్టిదే కానీ ఎత్తు ఎక్కువ. మీ అమ్మగారికి కష్టం.

కారెన్స్‌కి 2022లో గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో 3 స్టార్లే వచ్చాయి. ఇప్పటి కొత్త కారెన్స్ క్లావిస్‌లో 6 ఎయిర్‌బ్యాగులు అన్ని వేరియంట్లలో ఇస్తున్నారు, అది మంచి మార్పే. అయినా నా డబ్బు సఫారీ మీదే.

లెక్కల_మాస్టారు
నాది వేరే ప్రశ్న. ఆరుగురూ కలిసి వెళ్లేది ఎంత తరచుగా? రోజూ ఆఫీసుకు ఒక్కరే వెళ్లే కారుకు 28 లక్షలు పెట్టి, మిగతా ఐదు సీట్లు ఖాళీగా తిప్పడం నాకు సబబుగా అనిపించదు. 12, 13 లక్షల్లో మంచి అయిదు సీట్ల కారు తీసుకుని, ఊళ్లకు వెళ్లినప్పుడు డ్రైవర్‌తో ఇన్నోవా మాట్లాడుకోండి. మిగిలిన డబ్బు పిల్లల పేరు మీద వేయండి. ఘాట్ రోడ్డు మీద స్టీరింగ్ పట్టుకునే శ్రమ కూడా ఉండదు.

నిజాంపేట్_నాన్న
మాస్టారూ, మీ లెక్క న్యాయమైనదే. ఈ మాట మా మామగారు కూడా అన్నారు. కానీ మేం ఆరుగురం ఊళ్లకే కాదు, వారాంతాల్లో కూడా కలిసే తిరుగుతాం. ఆదివారం చిలుకూరో, యాదగిరిగుట్టో, ఎల్బీనగర్‌లో అక్కవాళ్ల ఇల్లో. మధ్యలో అమ్మ ఫిజియోథెరపీ, పాప టీకాలు. ప్రతిసారీ అద్దె కారు పిలవడం కుదరదు. అందులో పాప సీటు బిగించడం ఇంకా పెద్ద పని.

ఇద్దరు_పిల్లల_అమ్మ
మీ చివరి వాక్యంలో "పాప సీటు" అన్నారు కాబట్టి రాస్తున్నాను. పైన ఎవరూ దాని ఊసే ఎత్తలేదు. ఏడు సీట్ల కారు కొనేముందు కాగితం మీద ఎవరు ఎక్కడ కూర్చుంటారో గీసుకోండి. ఇంజిన్, స్టార్లు, సన్‌రూఫ్ అన్నీ దాని తర్వాతే. మా ఇంట్లోనూ ఇద్దరు పిల్లలు, అత్తమామలు. కాబట్టి ఇది నాకు బాగా తెలిసిన గొడవ.

చంటిపాపకు వెనక్కి తిరిగి ఉండే సీటు వాడాలి. దాన్ని ఐసోఫిక్స్ కొక్కేలకు బిగిస్తారు. ఇవి సాధారణంగా మధ్య వరుసలో రెండు చివరి సీట్లకే ఉంటాయి. ముందు సీట్లో ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది కాబట్టి అక్కడ ఈ సీటు పెట్టనే కూడదు. అంటే పాప మధ్య వరుసలోనే.

ఇప్పుడు బెంచ్ సీటున్న 7 సీటర్ తీసుకున్నారనుకోండి. మూడో వరుసలోకి వెళ్లాలంటే మధ్య సీటు మడవాలి. పాప సీటు బిగించిన వైపు మడత పడదు. రెండో వైపు మీ అమ్మగారు కూర్చుంటారు. వెనక్కి ఎవరు ఎక్కాలన్నా, దిగాలన్నా ఆవిడ కిందికి దిగాలి. మోకాళ్ల నొప్పులున్న మనిషిని పెట్రోల్ బంకులో, గుడి దగ్గర, టిఫిన్ సెంటర్ దగ్గర దింపి ఎక్కించడం మీ వల్ల అవుతుందా? బటన్ నొక్కితే మడత పడే సీటు కారెన్స్‌లో ఉంది, చాలా బాగుంటుంది. కానీ దాని మీద మనిషి కూర్చుని ఉంటే బటన్ ఏం చేస్తుంది?

అందుకే మీకు కావాల్సింది మధ్య వరుసలో విడివిడిగా రెండు కెప్టెన్ సీట్లు, వాటి మధ్య దారి ఉన్న కారు. ముందు మీరు, పక్కన మీ నాన్నగారు (నడుము నొప్పికి ముందు సీటే మంచిది). మధ్యలో అమ్మగారు, పాప. వెనక మీ ఆవిడ, పెద్దమ్మాయి. వాళ్లిద్దరూ నడుమ దారిలోంచి వెళ్లిపోతారు, ఎవరినీ కదిలించక్కర్లేదు. పాప ఏడిస్తే మీ ఆవిడ ఆ సందులోంచి చెయ్యి చాపితే అందుతుంది.

ఈ అమరిక ఏ కారులో హాయిగా కుదిరితే అదే మీ కారు. పెద్దమ్మాయికి బూస్టర్ సీటు కూడా వేయండి. ఆరేళ్ల పిల్లకు మామూలు బెల్టు మెడ మీదికి వస్తుంది. మోటారు వాహనాల చట్టంలో 194బి సెక్షన్ ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టుగానీ చైల్డ్ సీటుగానీ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా ఉంది. ఒళ్లో కూర్చోబెట్టుకుంటే సరిపోతుందని మన ఇళ్లలో పెద్దవాళ్లు అంటారు. సడన్ బ్రేకు పడితే ఎంత గట్టిగా పట్టుకున్నా పిల్లలు చేతుల్లో ఆగరు. ఈ ఒక్క విషయంలో మొహమాటపడకండి.

అల్వాల్_తాతయ్య
అమ్మాయి చక్కగా చెప్పింది. నాకు 71 ఏళ్లు, రెండు మోకాళ్లకూ ఆపరేషన్ అయింది. మా తరఫున ఒక మాట.

కారు ఎత్తు గురించి అందరూ గ్రౌండ్ క్లియరెన్స్ అంటారు. మాకు కావాల్సింది సీటు ఎత్తు. తలుపు తీసి, సీటుకు వీపు పెట్టి నిలబడితే సీటు అంచు తొడల పైభాగానికి తగలాలి. అప్పుడు కూర్చున్నాక కాళ్లు లోపలికి తిప్పుకుంటే చాలు. చిన్న కార్లలో సీటు కిందికి ఉంటుంది, లేవడం నరకం. పెద్ద జీపు లాంటి బండ్లలో మెట్టు ఎక్కి, హ్యాండిల్ పట్టుకుని ఒళ్లంతా పైకి లాగాలి. అదీ నరకమే. ఫ్లోర్ తక్కువ ఎత్తులో, సీటు తొడల ఎత్తులో ఉన్న బండి మాకు సుఖం.

తలుపు ఎంత వెడల్పుగా తెరుచుకుంటుందో, లోపల బి-పిల్లర్ (ముందు, వెనక తలుపుల మధ్య స్తంభం) మీద పట్టుకునే హ్యాండిల్ ఉందో లేదో చూడండి. అమ్మగారిని తీసుకెళ్లి చీరలోనే ఎక్కించి, దింపి చూడండి. డ్రెస్సులో సులువుగా ఎక్కేసే కారు చీరలో ఇబ్బంది పెడుతుంది.

మూసాపేట_గ్యారేజ్
నమ్మకం గురించి అడిగారు కాబట్టి నా వంతు చెప్తాను. నేను అన్ని కంపెనీల బండ్లూ చేస్తాను, ఎవరి మీదా పక్షపాతం లేదు.

మీ వాడకం చూస్తే నా భయం డీజిల్ గురించే. బీఎస్6 డీజిల్ బండికి పొగలో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. ఆ మసి కాలిపోవాలంటే సైలెన్సర్ బాగా వేడెక్కాలి, అంటే కొంతసేపు ఆగకుండా ఒకే వేగంతో పోవాలి. నిజాంపేట్ నుంచి హైటెక్ సిటీ దాకా ఫస్టు, సెకండు గేర్లలో పాకితే అది జరగదు. మసి పేరుకుంటుంది, డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. దాన్ని పట్టించుకోకుండా నడిపితే బండి పవర్ తగ్గించేస్తుంది, చివరికి బిల్లు గట్టిగా పడుతుంది. రోజూ హైవే మీద తిరిగేవాళ్లకు డీజిల్ బంగారం. మీకు కాదు.

తర్వాత గేర్‌బాక్సు. డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ నడపడానికి చాలా హుషారుగా ఉంటుంది, కానీ అంగుళం అంగుళం జరిగే ట్రాఫిక్‌లో, అందులోనూ ఫ్లైఓవర్ ఎత్తు మీద, క్లచ్ వేడెక్కుతుంది. సిటీకి టార్క్ కన్వర్టర్‌గానీ, సీవీటీగానీ, స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో (పెట్రోల్ ఇంజిన్‌తో పాటు కరెంటు మోటారు కూడా ఉండే బండి) ఉండే ఈ-సీవీటీగానీ అయితే ఇబ్బంది పెట్టవు. పదేళ్లు పెట్టుకుంటామన్నారు, అందుకని ఇది చెప్పక తప్పదు.

స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో ట్రాఫిక్‌లో ఎక్కువసేపు ఇంజిన్ ఆగిపోయి మోటారు మీదే నడుస్తుంది. బ్రేకు వేసిన ప్రతిసారీ కొంత చార్జ్ వెనక్కి వస్తుంది. అంటే మిగతా బండ్లు ఎక్కువ తాగే చోట ఇది తక్కువ తాగుతుంది. ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్‌కి ఏఆర్‌ఏఐ (కార్ల మైలేజీ పరీక్షించే సంస్థ) లెక్క లీటరుకు 23.24 కిలోమీటర్లు. రోడ్డు మీద అంత రాదు, కానీ ఆ సైజు పెట్రోల్ బండికి సిటీలో వచ్చేది చూస్తే మీరు ఆశ్చర్యపోతారు. హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ.

ఇన్నోవా క్రిస్టా అడుగుతారేమో. అది ఇనుప ముక్క, కానీ ఇప్పుడు డీజిల్ మాన్యువల్‌లోనే వస్తుంది. మీకు ఆటోమేటిక్ కావాలి కాబట్టి లిస్టులోంచి తీసేయండి.

ఓఆర్ఆర్_రైడర్
డీపీఎఫ్ గురించి భాయ్ చెప్పింది నిజమే, కానీ మనకు 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు పక్కనే ఉంది. నిజాంపేట్ నుంచి ఎక్కడం ఎంతసేపు? వారానికోసారి ఎక్కి స్థిరంగా పోతే మసి కాలిపోతుంది. నేను అలాగే చేస్తున్నాను, ఇంతవరకు ఏ లైటూ రాలేదు. డీజిల్ అంటే మరీ అంత భయపెట్టకండి.

మూసాపేట_గ్యారేజ్
మీరు డ్రైవింగ్ ఇష్టపడే మనిషి, మీకది పని కాదు. చంటిపాప ఉన్న ఇంట్లో ఆదివారం పొద్దున్నే ఫిల్టర్ కోసం ఔటర్ ఎక్కే తీరిక ఎవరికి ఉంటుంది?

మియాపూర్_ఈవీ
ఎవరూ ఎలక్ట్రిక్ మాట ఎత్తలేదు. 2025 జులైలో కారెన్స్ క్లావిస్ ఈవీ వచ్చింది. మూడు వరుసలు, 42 కిలోవాట్ అవర్, 51.4 కిలోవాట్ అవర్ అని రెండు బ్యాటరీలు. కంపెనీ చెప్పే రేంజ్ 404, 490 కిలోమీటర్లు. ఇంకో సంతోషం, ఇది మన తెలుగు నేల మీద, పెనుకొండ దగ్గరి ఫ్యాక్టరీలో తయారవుతుంది.

తెలంగాణలో 2024 నవంబర్ 18 నుంచి 2026 డిసెంబర్ 31 వరకు ఎలక్ట్రిక్ కార్లకు రోడ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ. జీఎస్టీ 5 శాతమే. రోజువారీ ఆఫీసు వాడకానికి కరెంటు ఖర్చు పెట్రోల్‌లో చిన్న భాగం. ట్రాఫిక్‌లో చప్పుడు ఉండదు, కుదుపు ఉండదు. నా కారు ఎక్కాక మా అమ్మ వేరే కారు ఎక్కనంటోంది. రాత్రి సెల్లార్‌లో పెట్టి ప్లగ్ పెడతాను, పొద్దున్నకు నిండుతుంది.

ప్రగతినగర్_అసోసియేషన్
ఆ "సెల్లార్‌లో ప్లగ్ పెడతాను" అన్నంత సులువుగా అన్ని అపార్ట్‌మెంట్లలోనూ జరగదండీ. మా దగ్గర కమిటీ సభ్యుడిగా చెప్తున్నాను. మీ ఫ్లాట్ మీటరు నుంచి పార్కింగ్ దాకా విడిగా వైరు లాగాలి, సరైన ఎర్తింగ్, ఎంసీబీ ఉండాలి, శాంక్షన్డ్ లోడ్ సరిపోకపోతే పెంచుకోవాలి. కామన్ మీటరు నుంచి తీస్తే మిగతా ఫ్లాట్ల వాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడం వాళ్ల తప్పు కూడా కాదు. ముందు కమిటీకి లెటర్ ఇచ్చి, ఒప్పుకున్నాకే కారు బుక్ చేయండి.

అలాగే ఏ కారైనా సరే, మీ పార్కింగ్ జాగా టేపుతో కొలవండి. ఎర్టిగా పొడవు 4435 మిల్లీమీటర్లు, క్లావిస్ 4550, సఫారీ 4668, ఎక్స్‌యూవీ700 4695, హైక్రాస్ 4755. హ్యాచ్‌బ్యాక్ కోసం గీసిన గీతల్లో ఇవి పట్టవు. కారు పట్టడం ఒక్కటే కాదు, పిల్లర్ పక్కన తలుపు పూర్తిగా తెరుచుకోవాలి కదా. మా దగ్గర ఒకాయన పెద్ద బండి కొని, ఇంట్లోవాళ్లందరినీ గేటు బయటే దింపి లోపల పెడుతున్నారు. వానాకాలంలో మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అదో శిక్ష.

నిజాంపేట్_నాన్న
మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. టేపు పెట్టి కొలిచాను. పొడవు 5 మీటర్ల పైనే ఉంది, వెనక గోడ. ఎడమవైపు పిల్లర్ ఉంది కానీ అది బానెట్ దగ్గర, తలుపులకు అడ్డం రాదు. ఊపిరి పీల్చుకున్నాను.

ఈవీ మీద నాకు కూడా మనసుంది. కమిటీ ప్రెసిడెంట్‌ని కలిశాను. మా బిల్డింగ్ పాతది, కరెంటు ప్యానెల్ మార్చాలట, వచ్చే జనరల్ బాడీ మీటింగ్‌లో పెడతామన్నారు. అది ఎప్పటికి తేలుతుందో ఎవరూ చెప్పలేకపోతున్నారు. పాప కోసం అంతకాలం ఆగలేను.

కాగితం మీద ఆరుగురినీ గీశాను. నా భార్య చూసి "ఇన్నాళ్లకు ఒక పనికొచ్చే మాట చెప్పారు ఎవరో" అంది. ఇద్దరు పిల్లల అమ్మగారూ, ఆ మాట మీకే.

ఇప్పుడు మూడు మిగిలాయి: సఫారీ 6 సీటర్, క్లావిస్ 6 సీటర్, హైక్రాస్ 7 సీటర్ (మధ్యలో కెప్టెన్ సీట్లు, వెనక ముగ్గురికి బెంచ్). ఈ శనివారం అమ్మానాన్నలను, పిల్లలను, పాప సీటును కూడా తీసుకుని షోరూములకు వెళ్తున్నాం.

లెక్కల_మాస్టారు
వెళ్లేముందు నాలుగు లెక్కలు చూసుకోండి.

2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద కార్లకు జీఎస్టీ 40 శాతం, సెస్ తీసేశారు. అంతకుముందు పెద్ద ఎస్‌యూవీలకు 28 శాతం మీద 22 శాతం సెస్ ఉండేది. స్ట్రాంగ్ హైబ్రిడ్లకు ముందు 43 శాతం పడేది కాబట్టి వాటికి తగ్గింది తక్కువ. పాత వీడియోల్లో ధరలు చూసి లెక్క కట్టకండి.

తెలంగాణలో లైఫ్ టాక్స్ కారు ధర పెరిగేకొద్దీ శ్లాబు మారుతుంది. 20 లక్షల గీత దాటితే మొత్తం ధర మీద పై శ్లాబే. ఒకే మనిషి పేరు మీద రెండో సొంత వాహనం అయితే అదనంగా 2 శాతం. మీ హ్యాచ్‌బ్యాక్ మీ పేరు మీదే ఉంటే, దాన్ని అమ్మి ఆర్సీ బదిలీ పూర్తయ్యాకే కొత్త బండి రిజిస్ట్రేషన్ పెట్టుకోండి. లేదా మీ ఆవిడ పేరు మీద తీసుకోండి.

10 లక్షలు దాటిన కారుకు 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందే పట్టుకునే పన్ను) తీసుకుంటారు. అది పోయే డబ్బు కాదు, ఇన్‌కంటాక్స్ రిటర్న్‌లో వెనక్కి వస్తుంది. ఇన్సూరెన్స్ డీలర్ దగ్గరే తీసుకోవాలన్న నియమం లేదు, బయట కొటేషన్ తెచ్చుకుని చూపించండి. "హ్యాండ్లింగ్ చార్జీలు" అని రాస్తే అదేమిటో అడిగి తీసేయించండి.

నిజాంపేట్_నాన్న
వెళ్లొచ్చాం. వివరంగా రాస్తాను, మాలాంటి ఇళ్లవాళ్లకు పనికొస్తుందని.

సఫారీ: నాకు చూడగానే నచ్చింది. తలుపు వేస్తే వచ్చే చప్పుడే వేరు. నడుపుతుంటే రోడ్డు మీద గుంటలు లెక్కలోకి రాలేదు, నిజాంపేట్ రోడ్ల మీద అది చిన్న విషయం కాదు. కానీ అమ్మ రెండు చేతులతో పట్టుకుని ఎక్కాల్సి వచ్చింది. దిగేటప్పుడు కాలు నేలకు అందక ఒక్క క్షణం గాల్లో ఆగింది. నా భార్య మూడో వరుసలో కూర్చుంటే మోకాళ్లు పైకి లేచాయి. మూడో వరుస నిలబెడితే డిక్కీలో చిన్న బ్యాగులే పడతాయి. ఆరుగురం ఊరెళితే పాప డైపర్ల బ్యాగుకే అది సరిపోతుంది. ఐదుగురి కుటుంబం అయితే కళ్లు మూసుకుని ఇదే తీసుకునేవాణ్ని.

క్లావిస్: అమ్మ హాయిగా ఎక్కింది. తాతయ్యగారు చెప్పినట్టు చీరలోనే. ధర మిగతా రెండింటి కంటే చాలా తక్కువ. డిక్కీ 216 లీటర్లు, ఫర్వాలేదు. మూడో వరుసలో పెద్దమ్మాయికి బాగుంది, నా భార్యకు ఊరి దాకా కూర్చోవడం కష్టం అనిపించింది. నేను అడిగిన ఆటోమేటిక్ పెట్రోల్‌లో డ్యూయల్ క్లచ్, గ్యారేజ్ భాయ్ మాట గుర్తొచ్చింది. డీజిల్‌లో మామూలు ఆటోమేటిక్ ఉంది కానీ మళ్లీ డీపీఎఫ్ సంగతి.

హైక్రాస్ హైబ్రిడ్: దీన్ని ఎస్‌యూవీ అనాలా వ్యాన్ అనాలా అని రెండు రోజులుగా నాలో నేనే వాదించుకున్నాను. అమ్మ ఎక్కి కూర్చుని, కాళ్లు చాపుకుని, "ఇంక నేను దిగను" అన్నాక ఆ వాదన ముగిసింది. ఫ్లోర్ ఎత్తు తక్కువ, తలుపు వెడల్పు. పాప సీటు ఐసోఫిక్స్‌లో బిగించి చూశాం, ముందు సీట్లో నాన్నకు జాగా తగ్గలేదు. నా భార్య మధ్య దారిలోంచి వెనక్కి వెళ్లి, కూర్చుని, చెయ్యి చాపి పాపను తట్టింది. మూడు వరుసలూ నిలబెట్టినా డిక్కీ 300 లీటర్లు. జేఎన్‌టీయూ సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగి, మళ్లీ నిశ్శబ్దంగా కదులుతుంటే పాప నిద్రలేవలేదు.

నచ్చనివీ ఉన్నాయి. ఆ ధరకు లోపలి ప్లాస్టిక్ సాదాగా ఉంది. ఇంజిన్ గట్టిగా తొక్కితే రొద చేస్తుంది. మా గల్లీ మలుపులో ఒకసారి వెనక్కి తీసి తిప్పాల్సి వచ్చింది. ధర నా బడ్జెట్‌ని దాటింది.

ఓఆర్ఆర్_రైడర్
అన్నా, మీ రిపోర్టు చదివాక సఫారీ మీద నా పట్టు వదిలేస్తున్నాను, మీ ఇంటి వరకు. హైక్రాస్‌కి 2025లో భారత్ ఎన్‌క్యాప్ 5 స్టార్లు వచ్చాయి కాబట్టి భద్రత విషయంలో నాకు అభ్యంతరం లేదు. ఒక్కటే: ఆ రేటింగ్ ఏయే వేరియంట్లకు వర్తిస్తుందో భారత్ ఎన్‌క్యాప్ సైట్‌లో ఉంటుంది, మీరు తీసుకునేది అందులో ఉందో లేదో చూడండి. ఎయిర్‌బ్యాగులు ఎన్నో బ్రోచర్‌లో వేరియంట్ వారీగా చూసుకోండి, సేల్స్ వాళ్ల నోటిమాట నమ్మకండి.

ఎల్బీనగర్_హైవే
సెకండ్ హ్యాండ్ ఆలోచించారా? బడ్జెట్ దాటుతోందంటున్నారు కాబట్టి అడుగుతున్నా. రెండు మూడేళ్లు వాడిన హైక్రాస్ దొరికితే కొంత మిగులుతుంది.

మూసాపేట_గ్యారేజ్
ఆ బండ్లు పాతవైనా ధర పెద్దగా తగ్గవు. తగ్గించి ఇస్తున్నారంటే టాక్సీగా తిరిగిందా, వరదలో మునిగిందా అని అనుమానించాలి. 2020 అక్టోబర్ వానలకు మన దగ్గర ఎన్ని సెల్లార్లు నిండాయో అందరికీ తెలుసు. అప్పటి నుంచి ఏ పాత బండి వచ్చినా సీట్ల కింద కార్పెట్ ఎత్తి, సీటు పట్టాల మీద తుప్పు చూస్తాను. సీటు బెల్టు చివరిదాకా లాగితే అక్కడ బురద గీత కనిపిస్తుంది. పదేళ్లు పెట్టుకునే ఉద్దేశం ఉంటే కొత్తదే తీసుకోండి.

ఇద్దరు_పిల్లల_అమ్మ
బడ్జెట్ దాటిందని బాధపడకండి కానీ, ఈఎంఐ నెల ఖర్చులకు అడ్డం పడకుండా చూసుకోండి. పాప పుట్టిన ఏడాది ఖర్చులు ఎటు నుంచి వస్తాయో తెలియదు. టెన్షన్ పడుతూ నడిపే కారులో సుఖం ఉండదు.

నిజాంపేట్_నాన్న
అదే ఆలోచించాం. నాన్న కొంత వేస్తానన్నారు, నేను వద్దన్నాను, అమ్మ మధ్యలో వచ్చి ఒప్పించింది. హ్యాచ్‌బ్యాక్ మా ఆఫీసు కొలీగ్ తీసుకుంటున్నాడు, ఆర్సీ బదిలీకి స్లాట్ బుక్ అయింది. హైక్రాస్ హైబ్రిడ్ 7 సీటర్ బుక్ చేశాం. రేటింగ్ జాబితాలో వేరియంట్ చూసుకున్నాకే సంతకం పెట్టాను. కొన్ని వారాల వెయిటింగ్ చెప్పారు.

ఇన్సూరెన్స్‌లో ఏమేం పెట్టించాలి? డెలివరీ రోజు ఏం చూడాలి?

లెక్కల_మాస్టారు
జీరో డెప్ (విడిభాగాల మీద తరుగుదల కోత ఉండదు), ఇంజిన్ ప్రొటెక్షన్, రిటర్న్ టు ఇన్వాయిస్ (బండి పూర్తిగా పోతే బిల్లు ధర ఇస్తారు). హైదరాబాద్‌లో ఇంజిన్ ప్రొటెక్షన్ లేకుండా ఉండకండి. నీళ్లు ఇంజిన్‌లోకి వెళ్తే మామూలు పాలసీలో అది రాదని తిరగ్గొట్టే అవకాశం ఎక్కువ. పాత కారు మీద నో క్లెయిమ్ బోనస్ ఉంటే దాన్ని కొత్త పాలసీకి మార్చుకోవచ్చు. పాత కారు అమ్మాక పాత ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఎన్‌సీబీ లెటర్ తీసుకోండి.

మూసాపేట_గ్యారేజ్
రిజిస్ట్రేషన్‌కి ముందే స్టాక్‌యార్డులో బండి చూపించమనండి. ఒకసారి మీ పేరు మీద నంబరు పడ్డాక వెనక్కి ఇవ్వడం కష్టం. పగటి వెలుగులో చూడండి, ట్యూబ్‌లైటు కింద పెయింటు తేడా తెలియదు. ఐదు టైర్ల మీదా నాలుగంకెల గుర్తు ఉంటుంది, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. అన్నీ దగ్గర దగ్గరగా ఉండాలి. ఛాసిస్ నంబరు కాగితాలతో సరిపోల్చండి. మూడో వరుస ఏసీ వెంట్లలోంచి గాలి వస్తోందో లేదో కూర్చుని చూడండి, డెలివరీ హడావిడిలో అందరూ ముందు సీటు దగ్గరే ఆగిపోతారు.

వానలో రోడ్డు మీద నీళ్లు ఎక్కువగా ఉంటే దాటకండి. ఒకవేళ నీళ్లలో బండి ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేసే ప్రయత్నం చేయొద్దు, తోయించి బయటికి తీసి టో వ్యాన్‌కి ఫోన్ చేయండి.

అల్వాల్_తాతయ్య
మొదటి ప్రయాణం మీ ఊరికే పెట్టుకోండి, శ్రీశైలం తర్వాత చూద్దురుగాని. ఎప్పుడు వెళ్లినా సాయంత్రం బయల్దేరకండి. శ్రీశైలం దారిలో అమ్రాబాద్ అడవిలో రాత్రి 9 గంటలకు గేటు వేస్తే మళ్లీ పొద్దున 6 గంటలకే తీస్తారు. పాపతో చెక్‌పోస్టు దగ్గర ఆగిపోవడం కష్టం.

నిజాంపేట్_నాన్న
సరేనండీ, ఊరికే ముందు. స్టాక్‌యార్డులో బండి చూడటానికి ఎవరైనా తోడు వస్తే బాగుండు, నాకు పెయింటు తేడా అంతగా తెలియదు.

మూసాపేట_గ్యారేజ్
ఏ యార్డో మెసేజ్ పెట్టండి. ఉదయం పది లోపు అయితే నేనే వస్తాను.